టింగ్‌కీ టాంగ్‌కీ మధ్య

"గంట మోగలేదు వదినా. మోగడానికి వీల్లేదు. అది చచ్చి నెల దాటింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వదిన నడవ గోడకి ఎత్తుగా బిగించి ఉన్న పాతకాలపు కాలింగ్‌బెల్ గంట పెట్టె కింద నిలబడి, మెడ వెనక్కి వంచి, చెవులు రిక్కించి వింటోంది. ఆవిడ మొహంలో ఎండాకాలం మధ్యాహ్నం చల్లటి నీళ్ళు తాగినంత తృప్తి కనబడుతోంది. అది చూస్తేనే ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండుతుంది.

"చచ్చినదైతే గురకెందుకు పెడుతోంది మరిదీ?"

ఇన్‌స్పెక్టరు కూడా చెవి ఒగ్గాడు. ముసలి పిల్లి నిద్రలో చేసే చప్పుడులాంటిది పెట్టెలోంచి సన్నగా వస్తోంది. వినీ విననట్టు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

వీళ్ళిద్దరి సంగతీ ఒక ముక్కలో చెప్పాలంటే, ఆవిడ ప్రైవేటు డిటెక్టివు, ఆయన స్వయానా ఆవిడ మొగుడి తమ్ముడు. ఇంట్లో ఆవిడ వండింది మారుమాట్లాడకుండా తింటాడు. బయట ఏ కేసులో ఎదురుపడ్డా మాత్రం ఆవిడ మాట ఒక్కటీ మింగుడుపడదు. ఆయన అలా పిలవగా పిలవగా, స్టేషన్లో కానిస్టేబుళ్ళ దగ్గర్నుంచి కేసులు తెచ్చేవాళ్ళ దాకా అందరికీ ఆవిడ వదిన అయిపోయింది. అసలు పేరు అడిగితే ఆవిడే ఒక్క క్షణం ఆలోచించుకోవలసిన పరిస్థితి.

ఈ ఇల్లు ఒక రిటైరయిన హెడ్‌మిస్ట్రెస్‌ది. నిన్న మధ్యాహ్నం ముందుగది గోడ మీది చిన్న బొమ్మ పోయింది. నల్లబల్ల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ పాతికేళ్ళ పంతులమ్మ బొమ్మ. వేసింది ఆవిడ భర్త. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన బొమ్మల్ని అడిగిన నాథుడు లేడు. పోయాక అందరికీ కళ్ళు తెరుచుకున్నాయి. ఒక కొనుగోలుదారు ఈ గుమ్మం చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. నా మొహాన్ని నేనెలా అమ్ముకుంటానయ్యా అని హెడ్‌మిస్ట్రెస్ తిప్పి పంపేసింది.

ఇంటికి ఒకటే వాకిలి. కిటికీలన్నిటికీ ఊచలు. కింద హెడ్‌మిస్ట్రెస్, ఆవిడ పెంచిన మేనల్లుడు, పగటిపూట ఆవిడని చూసుకోవడానికొచ్చే నర్సు. పైన అద్దెకున్న ఫోటోగ్రాఫరు. మేడమెట్లు కూడా ముందుగదిలోంచే. వాకిలి పక్కన, వెలుపలి గోడకి, మేనల్లుడు రెండు నెలల కిందట బిగించిన కెమెరా గంట ఉంది. వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ అది ఫోన్లో చూపిస్తుంది.

"కెమెరా చెప్పేది విను," అన్నాడు ఇన్‌స్పెక్టరు వేళ్ళు మడుస్తూ. "నిన్న మధ్యాహ్నం బయటినుంచి ఎవరూ రాలేదు. బయటికి ఎవరూ వెళ్ళలేదు. సాయంత్రం నర్సు వెళ్ళింది, భుజాన గుడ్డసంచీ. బొమ్మ ఆ సంచీలో బ్రహ్మాండంగా పడుతుంది. సాయంత్రం దాకా నీకు టైమిస్తున్నా. ఆ తర్వాత పిల్లని స్టేషన్‌కి తీసికెళ్తా."

"మధ్యలో కెమెరా కాసేపు ఆగిపోయిందటగా?"

"అది రోజూ ఆగుతుంది. గంటకున్నది పాత బుల్లి ట్రాన్స్‌ఫార్మర్, కరెంటు చాలదు. మేనల్లుడే చెప్పాడు. నువ్విలా చిన్న విషయాన్ని పట్టుకుని సాగదీయకు వదినా."

సాగదీయడమే వదిన వృత్తి. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి నడిచింది.

నిటారుగా ఉన్న కుర్చీలో, అంతకంటే నిటారుగా కూర్చుని ఉంది హెడ్‌మిస్ట్రెస్. పక్కన నర్సు నిలబడి ఉంది. పాతికేళ్ళు కూడా నిండని పిల్ల. ఉదయం నుంచి ఏడ్చి ఏడ్చి, ఇక ఏడ్చే ఓపిక కూడా లేక ఊరుకుంది. స్టేషన్ గుమ్మం ఒకసారి తొక్కిన నర్సుని రేపు ఏ ఇంట్లోనూ రోగి పక్కన కూర్చోనివ్వరని ఆ పిల్లకి తెలుసు. వదినకీ తెలుసు.

"నిన్న జరిగింది మళ్ళీ ఒకసారి చెప్పండి," అంది వదిన.

"మధ్యాహ్నం ఈ పిల్ల నా కళ్ళలో చుక్కలు వేసింది. వేశాక కాసేపు కళ్ళు మూసుకుని ఉండాలి. ఆ కాసేపూ పేపరు చదివి వినిపిస్తుంది. తప్పులు చదువుతుంది, నేను దిద్దుతాను. అలా చదువుతుంటే గంట టింగ్ అంది."

"అప్పుడు?"

"చదవడం ఆపి, ఎవరో వచ్చారు చూడనా అంది. పూర్తిగా మోగనీ అన్నాను. సగం గంటకి నేను ఎవర్నీ తలుపు దగ్గరికి పంపను. అది మోగలేదు. చదువమ్మా అన్నాను. ఇంకో వార్త సగంలో ఉండగా టాంగ్ అంది."

ఇన్‌స్పెక్టరు గుమ్మంలోంచే నవ్వాడు. "టింగ్ అని, ఓ వార్త చదివేదాకా ఓపిగ్గా ఆగి, అప్పుడు టాంగ్ అందా అమ్మా?"

"ముప్పై ఏళ్ళు బడిగంట విని బతికినదాన్ని నాయనా. కళ్ళు మసకేశాయి గానీ చెవులకేం రోగం లేదు. నువ్వు ఎడమ జేబులో చిల్లర వేసుకుని తిరుగుతున్నావు, ఇందాకట్నుంచీ వింటున్నాను."

ఇన్‌స్పెక్టరు చెయ్యి తెలీకుండానే ఎడమ జేబు మీదికి వెళ్ళింది. వదిన నవ్వు ఆపుకుంది.

"ఆ కాసేపూ ఈ అమ్మాయి మీ పక్కనే ఉందా?"

"గొంతు నా చెవి పక్కనే ఉంటే మనిషి ఇంకెక్కడుంటుంది? టింగ్ అన్నప్పుడూ ఉంది, టాంగ్ అన్నప్పుడూ ఉంది."

"ఆ రెంటి మధ్యా మీకింకేమైనా వినబడిందా?"

చకచకా జవాబులు చెబుతున్న మనిషి ఇక్కడ ఆగింది. కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"పేపరు," అంది చివరికి. "ఈ పిల్ల చదివిన పేపరు."

వదిన తల ఊపింది. ఆ ఆగడాన్ని మాత్రం మనసులో ఒక మూల దాచుకుంది.

నడవలోకి రాగానే ఇన్‌స్పెక్టరు తన ఫోన్ ఆవిడ ముక్కు కిందికి తెచ్చాడు. మేనల్లుడు ఆ కెమెరా గంటని ఆయన ఫోన్లో కూడా కలిపి ఇచ్చాడట.

"చూడు. 'ఇంట్లోని గంట' అన్నచోట మీట ఆపేసి ఉంది. బయట ఎవరైనా నొక్కితే ఫోన్ మోగుతుంది తప్ప ఈ పెట్టె మోగదు. కొత్త గంట పెట్టిన దగ్గర్నుంచీ ఇది గుయ్యిమనడం, రాత్రిళ్ళు దానంతటదే మోగడం మొదలెట్టిందట. విసిగిపోయి నెల కిందటే ఆపేశాడు. ఆవిడకి పాత గంట మీద బెంగ, అందుకే విన్నట్టు అనిపించింది. పెద్దావిడ మాట పట్టుకుని నేను కేసు నడపలేను. గంట భ్రమైతే పక్కన కూర్చుని చదివిన నర్సూ భ్రమే."

"గంట నిజమైతే?"

"నిజమైతే నర్సు నిజం. కానీ కాదుగా."

"స్టూలు పట్టుకురా," అంది వదిన.

పోలీసు యూనిఫారంలో ఉన్న మనిషి స్టూలు మోయడం కానిస్టేబుళ్ళు చూడకుండా, ఇన్‌స్పెక్టరే గబగబా తెచ్చి వేశాడు. వదిన ఎక్కి పెట్టె మూత ఊడదీసింది. లోపల బూజు. ఒక తీగచుట్ట, దాని నడుమ వేలంత ఇనుప కడ్డీ, అటూ ఇటూ రెండు లోహపు పట్టీలు, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. చిన్నప్పుడు నాన్న రేడియో రిపేరు బల్ల కింద ఆడుకున్న మనిషికి ఇలాంటి పెట్టెలు చూస్తే ప్రాణం లేచొస్తుంది.

"ఇటు చూడు. చుట్టలోకి కరెంటు రాగానే ఈ కడ్డీ ఎగిరి పొట్టి పట్టీని కొడుతుంది. అది టింగ్. కరెంటు ఆగగానే స్ప్రింగు వెనక్కి తోస్తుంది, వచ్చి పొడుగు పట్టీని కొడుతుంది. అది టాంగ్. కరెంటు ఆగేదాకా టాంగ్ రాదు. పాత మీట ఉన్న రోజుల్లో నొక్కి పట్టుకుంటే టింగ్, వేలు తీస్తే టాంగ్. నీ చిన్నప్పుడు మీ ఇంట్లో నువ్వు నొక్కి పట్టుకుని పారిపోయేవాడివని మీ అన్నయ్య చెప్పారు."

"ఆ సంగతి ఇప్పుడెందుకు," అన్నాడు ఇన్‌స్పెక్టరు చుట్టూ చూసుకుంటూ.

"ఈ కెమెరా గంట అలా కాదు. ఎవరెంతసేపు నొక్కినా అది చిటికెలో కరెంటు వదిలి చిటికెలో ఆపేస్తుంది. టింగ్‌టాంగ్ కలిసే వస్తాయి. మధ్యలో వార్త చదివేంత ఖాళీ రావాలంటే అది కెమెరా గంట పని కాదు."

"కెమెరా గంట కాకపోతే మరేం మోగిస్తుంది? అసలు ఆపేసి ఉంటే?"

"అక్కడే పప్పులో కాలేశారు, నువ్వూ, ఆ దొంగా. ఫోన్లో మీట ఆపితే ఆగింది కెమెరా గంట ఇచ్చే ఆజ్ఞ ఒక్కటే. తీగలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కెమెరాకి రాత్రింబగళ్ళు కావలసిన కాస్త కరెంటు ఈ చుట్టలోంచే పోతోంది. అందుకే గురక. దానికని ఓ చిన్న డబ్బా ఇస్తారు, ఈ పెట్టెలో బిగిస్తే గురకా ఉండదు, అపరాత్రి మోతలూ ఉండవు. మేనల్లుడు అట్టపెట్టెలోంచి తియ్యనే లేదనుకుంటా."

ఇన్‌స్పెక్టరు గడ్డం గోక్కున్నాడు. మొహంలో కాస్త అనుమానం మొదలైంది. అయినా ఒప్పుకుంటే ఆయన మరిది ఎలా అవుతాడు.

వదిన వాకిలి బయటికొచ్చింది. కెమెరా గంట తలుపు చెక్కని ఆనుకుని ఉంది. కింద కుండీలో పొదలాంటి మొక్క. ఆవిడ గంట అడుగు భాగాన్ని వంగి చూసింది.

"ఈ జాతి గంటలకి అడుగున నక్షత్రం గాడి ఉన్న స్క్రూ ఇస్తారు, ఎవరుపడితే వాళ్ళు ఊడదీయకుండా. ఇక్కడున్నది మామూలు ప్లస్ స్క్రూ."

కానిస్టేబుల్ దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని గంటని గోడ నుంచి ఊడదీసింది. వెనక రెండు సన్నటి తీగలు. కొసలు కొక్కేల్లా కొత్తగా వంచి ఉన్నాయి. బిగించాల్సిన స్క్రూలు వదులుగానే ఉన్నాయి. తగిలించడం, తీయడం తేలిక చేసుకున్నారు ఎవరో.

"మరిదిగారూ, మీరిక్కడే నిలబడండి. కాసేపయ్యాక ఈ రెండు కొసలూ ఒకదానికొకటి తాకించండి. మనసులో మీ పై అధికారిని తృప్తిగా తిట్టుకుని, అప్పుడు విడదీయండి. భయం లేదు, చేతికి జిల్లుమనేంత కరెంటు కాదు."

ఆవిడ లోపలికి వెళ్ళి హెడ్‌మిస్ట్రెస్ పక్కన కూర్చుంది. నర్సుని పేపరు చదవమంది. ఆ పిల్ల వాతావరణం వార్త మొదలుపెట్టింది.

టింగ్.

నర్సు ఆగిపోయింది. చదువమన్నట్టు వదిన సైగ చేసింది. వాన రావచ్చు, రాకపోవచ్చు అన్న వాక్యం దాకా చదివింది ఆ పిల్ల.

టాంగ్.

"ఇదే," అంది హెడ్‌మిస్ట్రెస్ కళ్ళు తెరిచి. "అచ్చం ఇదే. నాకు మతి పోయిందని పొద్దుటినుంచీ ఇంట్లో గుసగుసలు. పోలేదు కదా?"

"పోలేదండీ. అందరికంటే మీకే గట్టిగా ఉంది."

నర్సు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఈసారి వచ్చిన ఏడుపు వేరే రకం. హెడ్‌మిస్ట్రెస్ ఆ పిల్ల మోచేతి మీద తట్టి, పేపరు తడిపేస్తున్నావు అని కసిరింది.

ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. ఆయన ఫోన్లో కెమెరా గంట ఆగిపోయినట్టు చూపిస్తోంది. ఎంతైనా బుర్ర ఉన్నవాడే. అప్పటికే పాత చిట్టా పైకీ కిందికీ తోసి చూస్తున్నాడు.

"వదినా, ఇది రోజూ ఆగే మాట నిజమే. కానీ ఆగినవన్నీ రాత్రిళ్ళే."

"చీకట్లో చూడ్డానికి దానికి లోపల దీపాలు వెలగాలి. అప్పుడే కరెంటు చాలదు. మరి పట్టపగలు ఆగిందెన్నిసార్లు?"

"నిన్న ఒక్కసారే." గొంతు తగ్గించాడు. "అంటే ఎవడో తలుపు లోపలినుంచి తీసి, పక్కనుంచి చెయ్యి పెట్టి గంట ఊడదీశాడు. కెమెరా ఎదురుగా చూస్తుంది, పక్కనున్న చేతిని చూడదు. బొమ్మ బయటికి చేరేసి, వచ్చి మళ్ళీ తగిలించేశాడు. రోజూ ఆగేదే కదా అని ఎవరూ పట్టించుకోరు."

"వేలాడుతున్న తీగలు రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు టింగ్. తిరిగొచ్చి విడదీసినప్పుడు టాంగ్. బయటున్నవాడికి వినబడలేదు, ఆపేసిన గంట మోగుతుందని ఊహించనూ లేదు."

"వీళ్ళు కాక ఇంట్లో ఉన్నవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పని చేసుకుంటున్నామనే చెప్పారు."

"ఈ ఇంట్లో చెవులున్నది ఒక్క హెడ్‌మిస్ట్రెస్ గారికే," అంది వదిన. "పిలువు ఇద్దర్నీ."

ముందుగా ఫోటోగ్రాఫరు మెట్లు దిగొచ్చాడు. సన్నటి మనిషి. చొక్కా జేబులో పెన్నులతోపాటు రెండు స్క్రూడ్రైవర్లు. ఇన్‌స్పెక్టరు చూపు వాటి మీద పడగానే ఫ్రేములు కట్టుకోవడానికండీ అన్నాడు, ఎవరూ అడక్కుండానే. వెనకే మేనల్లుడు తన గదిలోంచి వచ్చాడు, ఎడమ చెప్పు నేలకి కాస్త రాసుకుంటూ. మర్యాదస్థుడు. వదినకి కుర్చీ లాగి వేసి, అత్తయ్యకి మంచినీళ్ళు కావాలేమో కనుక్కున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ అక్కర్లేదంది. అతని వైపు చూడలేదు.

వదిన కెమెరా గంటని బల్ల మీద పెట్టింది.

"దీన్ని నిన్న ఎవరో ఊడదీశారు. కంగారులో నక్షత్రం స్క్రూ జారిపోయింది, దొరికింది బిగించేశారు. జారింది ఆ కుండీలోనే పడుంటుంది. చూపుడువేలి ముద్ర ఒకటి దానిమీద చక్కగా ఉంటుందని నా నమ్మకం. కాసేపట్లో జల్లెడతో మనిషి వస్తాడు, మట్టంతా జల్లిస్తాం. అప్పటిదాకా ఎవరి గదుల్లో వాళ్ళు ఉండండి."

ఫోటోగ్రాఫరు జేబులోని స్క్రూడ్రైవర్లని అరచేత్తో కప్పుకున్నాడు. మేనల్లుడు అలాగేనండీ అన్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

"ఆ స్క్రూ తల కందిగింజంత కూడా ఉండదు. దానిమీద వేలిముద్రేంటి వదినా?" గొణిగాడు ఇన్‌స్పెక్టరు.

"ఆ సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. భయపడ్డవాడికి తెలీదు."

వదిన మళ్ళీ వాకిట్లోకి వెళ్ళి, రెండు తీగల కొసల్నీ ఒకదాన్నొకటి నొక్కేలా వంచింది. మధ్యలో పేపరు ముక్క ఇరికించింది. ముక్కకి నల్లదారం కట్టి, రెండో కొస కుండీ అంచుకి చుట్టింది. కుండీ జరిగితే దారం లాగుతుంది, పేపరు ఊడుతుంది, తీగలు కలుస్తాయి. జీపుని వీధి చివరికి పంపేయమంది. చేతులు దులుపుకుని లోపలికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, హెడ్‌మిస్ట్రెస్ గదిలో కూర్చుంది.

ఇన్‌స్పెక్టరుతో, నర్సుతో కలిపి నలుగురూ ఎదురుచూస్తున్నారు. వెలుతురు పలచబడుతోంది. గంట పెట్టె నడవలో గుర్రుమనడం కూడా ఆపేసింది, కెమెరా గంట లేదు కాబట్టి. ఎక్కడో తలుపు గడియ తీసిన చప్పుడు. తర్వాత అడుగులు. గుమ్మానికున్న పరదా అవతల, నడవలో, ముందుగది వైపు.

ఆ అడుగుల్లో ఒకటి నేలకి కాస్త రాసుకుంటోంది.

వదిన పరదా వైపు చూడలేదు. హెడ్‌మిస్ట్రెస్ చేతుల వైపు చూస్తోంది. ఆ చేతులు నర్సు మణికట్టుని గట్టిగా పట్టుకున్నాయి. గంట మోగక ముందే ఆవిడ కళ్ళు మూసుకుంది.

టింగ్.

ఈసారి టాంగ్ రాలేదు. పెట్టె మాత్రం బిగ్గరగా గుయ్యిమనసాగింది. ఇన్‌స్పెక్టరు ఒక్క అంగలో బయటికెళ్ళి, మేనల్లుణ్ణి భుజం పట్టుకుని తీసుకొచ్చాడు. అతని రెండు చేతులకీ మణికట్ల దాకా మట్టి.

"మొక్కకి నీళ్ళు పోద్దామని," అన్నాడు మేనల్లుడు.

"నీళ్ళేవి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

మేనల్లుడు తన చేతుల వంక చూసుకుని నీళ్ళు నమిలాడు. నిజంగా అతని దగ్గర ఉన్న నీళ్ళు అవే.

వదిన అతన్ని వదిలేసి, హెడ్‌మిస్ట్రెస్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆ రెంటి మధ్యా ఏం వినబడిందో ఇప్పుడైనా చెప్పండి."

హెడ్‌మిస్ట్రెస్ కళ్ళు తెరవలేదు. "ఎడమ చెప్పు. టింగ్‌కి ముందు అటు వెళ్ళింది. టింగ్ తర్వాత వాకిలి మెట్లు దిగింది. టాంగ్ అన్నాక నా గది ముందునుంచే వెనక్కి వచ్చింది. మా బడి గోడ దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు, అప్పటికి ఎంత, నా నడుము దాకా వచ్చేవాడు. ఎత్తుకుని కట్టు కట్టించింది నేనే. ఆ చప్పుడు నాకు తెలీకపోవడమేమిటి?"

మేనల్లుడు గోడకి చేరగిలబడ్డాడు.

"మరి నిన్ననే ఎందుకు చెప్పలేదమ్మా?" ఇన్‌స్పెక్టరు గొంతులో ఇప్పుడు వెటకారం లేదు.

"వాడే తెచ్చి గోడకి తగిలిస్తాడేమోనని చూశాను. రాత్రంతా చూశాను. పొద్దున్నే నువ్వొచ్చి ఈ పిల్లని తీసికెళ్తానన్నావు. అందుకని గంట సంగతి చెప్పి, ఈవిడకి కబురు పెట్టాను. మిగతాది నా నోటితో రాలేదు. ఈవిడ కనుక్కోవాలనీ అనుకున్నాను, కనుక్కోకూడదనీ అనుకున్నాను."

తర్వాత మేనల్లుడి వైపు తిరిగింది. బళ్ళో పిల్లవాణ్ణి లేపి నిలబెట్టిన గొంతు.

"బొమ్మ ఎక్కడుంది?"

"వీధిలో నా కార్లో ఉందత్తయ్యా. సీటు కింద. రేపు ఆ కొనేవాడికి ఇద్దామని..." మట్టి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "మీరు గంట విన్నారని తెలిసీ, మతి తప్పిందని నేనే అన్నాను."

"విన్నాను. అది కూడా విన్నాను."

కానిస్టేబుల్ పరుగున వెళ్ళి, దుప్పటిలో చుట్టిన బొమ్మ తెచ్చాడు. నల్లబల్ల ముందు పాతికేళ్ళ పంతులమ్మ ఎవర్నో కసురుతున్నట్టే ఉంది, గీత కూడా చెదరలేదు. నర్సు దాన్ని రెండు చేతులా అందుకుని హెడ్‌మిస్ట్రెస్ ఒళ్ళో పెట్టింది. ఆవిడ వేళ్ళతో ఫ్రేము అంచు తడుముకుంది. ఉదయం నుంచి మొదటిసారి ఆ నిటారు నడుము కుర్చీకి ఆనింది.

"నువ్వు రేపు పొద్దున్నే రా," అంది నర్సుతో. "పేపర్లో రెండు తప్పులు చదివావు, రేపు దిద్దుతాను."

నడవలో పెట్టె ఇంకా గుయ్యిమంటూనే ఉంది. హెడ్‌మిస్ట్రెస్ నుదురు చిట్లించింది.

"ముందు ఎవరైనా వెళ్ళి ఆ గంట పూర్తి చేయండి. సగంలో వదిలేస్తే నాకు తోచదు."

వదిన వాకిట్లోకి వెళ్ళింది. కుండీ పక్కకి ఒరిగి ఉంది, మట్టి మెట్ల మీదంతా పడి ఉంది, అందులో స్క్రూ ఎక్కడా లేదు. ఆవిడ రెండు తీగల్నీ జాగ్రత్తగా విడదీసింది. లోపల గంట టాంగ్ అంది.